గురువుల సమాధులు, వానిమీది వ్రాతలు

తండ్రి గతించిన యింట ఆయన పేరు నిలుపువాడు కొడుకు. తద్దినమునాడు పేరును గోత్రమును పలికి, మూడు తరముల పెద్దలను తలంచుకొని, నువ్వులతో నీళ్ళు విడుచును. ఇది మన మెఱిగిన క్రమము. కాని యతికి కొడుకు లేడు. మునికి కొడుకు లేడు. ఊరంతటికి ధర్మము చెప్పి, ఒకరి పెండ్లికిని మఱియొకరి చావుకును మంత్రము చెప్పి, తాను మాత్రము సంసారము లేకయే జీవించిన గురువు దాటిపోయినపిమ్మట ఆయనను తలంచుకొనవలసినవా రెవరు? ఏ మాటతో తలంచుకొనవలెను? ఆ మాటను దేనిమీద వ్రాసి యుంచవలెను? నేటి ప్రసంగమున ఈ ప్రశ్ననే పట్టుకొని మీతో కొంతదూరము నడువదలచితిని.

మన తుంగభద్ర ఆనెగొంది కొండలనడుమ పాఱి, మంత్రాలయము దాటి, సి.బెళగల్ ప్రాంతపు తీరము నొరసికొని, ఆలంపురము ముందుగా పోయి కృష్ణలో గలియుచున్నది. ఈ నదివెంట వచ్చు బాటసారికి గుళ్ళతోను కోటలతోను పాటు గురువుల సమాధులును కంటబడును. మాధ్వయతుల బృందావనములు, వీరశైవమఠములలోని గద్దెలు, సాయబుల దర్గాలు ఇందులోనివే. వీనిలో పెక్కింటిమీద ఒక్క అక్షరమైనను ఉండదు. ఉండకపోయినను ఫలానావారిదని ఊరు ఊరంతయు చెప్పును. ఈ మాట మనస్సున నుంచుకొని, మొదట బొత్తిగా వేఱైన యొక దేశమునకు పోయివత్తము. ఆ దేశమున ఇదే ప్రశ్నకు అక్షరములతోనే జవాబు చెప్పిరి. అదియు ఇత్తడిమీద.

ఇంగ్లండులో ప్రతి గ్రామమునకును ఒక క్రైస్తవదేవాలయము, దానికొక పూజారి. తెలుగు కథోలికులు తమ పూజారిని గురువనియే పిలుతురు గనుక నేనును ఆ మాటనే వాడెదను. ఆంగ్లదేశము రోమాపురి పోపుగారి యేలుబడిలో నుండిన కాలమున ఈ గురువులు పెండ్లియాడరాదు. గ్రామగురువు చనిపోయినప్పుడు ఆయనను గుడిలోపలనే, సామాన్యముగా పూజాపీఠమునకు దగ్గఱ పాతిపెట్టి, పైన నేలమట్టముగా పెద్ద రాతిపలక పఱచెడివారు. కలిగినవారైనచో ఆ రాతిలో ఇత్తడిరేకు పొదిగించెడివారు. పదుమూడవ శతాబ్ది చివరిభాగమునుండి పదునాఱవ శతాబ్దిదాక ఈ వాడుక అక్కడ మిక్కిలి ప్రబలెను. గుడిలోపల నేలమీద పేరు చెక్కినచో జనులు త్రొక్కుదురు గదా యని మీకు తోచును. నాకును మొదట అట్లే తోచినది. వారు దానిని అపచారముగా నెంచలేదు. పదిమంది నడచు త్రోవలో నుండుటయే వారికి కావలసినది. ఎందుకో ముందు చెప్పెదను.

రాతిని బొమ్మయాకారమున లోతుగా తొలిచి, ఆ పల్లములో కీలు పోసి, రేకును దిగవేసి, సీసమున నిలిపిన మేకులతో బిగించెడివారు. రేకుమీద గీతలు చెక్కి, ఆ గీతలలో నల్లని లక్కవంటి పదార్థము నింపెడివారు. పసుపువన్నె లోహముమీద నల్లని గీత. నార్తాంప్టన్‌షైర్ మండలమున హయ్యామ్ ఫెర్రర్స్ అను ఊరి గుడిలో 1337లో చనిపోయిన లారెన్సు డి సెంట్ మోర్ అను గురువు ఫలక మిట్టిది. నిలువెత్తు మనిషి, పూజావస్త్రములు, తలపై మండపమువంటి చెక్కడము, దానిలో పునీతుల ప్రతిమలు. యార్క్‌షైర్‌లోని వెన్స్లీ గ్రామపు గుడిలో పదునాలుగవ శతాబ్దికి చెందిన మఱియొక గురువు, సైమన్ అనువాడు, పానపాత్రను రొమ్ముమీద నుంచుకొని, చేతులు ముడిచికొని కన్పట్టును. ఆ రేకు సముద్రమున కావలనున్న ఫ్లాండర్స్ పనివాండ్ర చేతిపని. పేదగురువుల కింత వైభవ మెక్కడిది? నార్ఫోక్, యార్క్‌షైర్ మండలములలో కొందఱి రాళ్ళమీద మనిషి బొమ్మయే లేదు. జానెడు రేకుమీద పానపాత్ర, దానిపై గుండ్రని అప్పము, క్రింద రెండు పంక్తుల వ్రాత. ఆ పాత్రను పట్టి పూజచేయుటయే ఆయన బ్రతుకు గనుక ఆ పాత్రయే ఆయన బొమ్మ.

ఇత్తడిని గూర్చి యొక మాట. ఇది మన కంచరి యింటి ఇత్తడివంటిదే, రాగియు తుత్తునాగమును కలిసినది. అయితే ఆ కాలపు ఐరోపావారికి తుత్తునాగమును విడి లోహముగా తీయుట తెలియదు. ఆ ఖనిజపు మంటిని రాగితో కలిపి మూసలలో కాల్చి ఇత్తడి చేసెడివారు. తుత్తునాగమును ఆవిరిగా పట్టి చల్లార్చి తీయు విద్య మన దేశమున రాజస్థానమందలి జావరు గనులవారికి ఆనాటికే తెలిసియుండెను. అది వేఱొక ప్రసంగమునకు తగిన విషయము.

ఇక వ్రాత సంగతి. పెక్కు ఫలకములమీద లాటినుభాషలో నుండు మాటల తాత్పర్యము ఒక్కటే. ఈ గుడికి ఒకప్పుడు గురువుగా నుండిన ఫలానావాని యాత్మకొఱకు ప్రార్థింపుడు, ఫలానా దినమున ఫలానా యేట ఆయన చనిపోయెను, దేవుడు ఆ యాత్మను కరుణించునుగాక. గమనింపుడు. మొదటి మాట పేరు కాదు, బిరుదు కాదు. ప్రార్థింపుడని దారిని పోవువారిని వేడుకొనుట. స్వర్గమునకును నరకమునకును నడుమ, చిన్నపాపములు కడుగబడు చోటొకటి యున్నదని వారి నమ్మకము. తెలుగు కథోలికులు దానిని ఉత్తరించుస్థలమందురు. అక్కడ నున్న యాత్మ తనంత తాను ఏమియు చేసికొనజాలదు. భూమిమీద నున్నవారి ప్రార్థనవలన దాని కష్టకాలము తగ్గును. పిండము పెట్టువాడు లేక ప్రేతము ఆకలిగొని తిరుగునని వినిపెరిగిన మనకు ఈ భావము అంత క్రొత్తది కాదు. కొడుకున్నవానికి కొడుకు ప్రార్థించును. కొడుకు లేని గురువు ఎవరిని అడుగవలెను? గుడికి వచ్చిన ప్రతివానిని అడుగవలెను. అందుకే త్రోవలో రాయి, అందుకే కాలిక్రింద పేరు, అందుకే మొదటి మాటయే వేడికోలు.

ఇంకొక విశేషము. పలువురు తమ ఫలకములను బ్రతికియుండగనే చేయించుకొనిరి. వెనుక చేయించువా రెవరో యని భయము. పేరు, ఊరు, పదవి అన్నియు చెక్కించి, మరణించిన తేదికిని సంవత్సరమునకును చోటు విడిచిపెట్టిరి. చనిపోయిన వెంటనే ఎవరైన ఆ రెండు మాటలు చెక్కింపవలెను. కొన్ని ఫలకములమీద ఆ చోటు నేటికిని ఖాళీగనే యున్నది. ఆ గురువు ఎన్ని తద్దినములకు, ఎన్ని పెండ్లిండ్లకు పోయియుండునో! తన తేది వ్రాయించుటకు మాత్రము ఒక్కడు రాలేదు.

తరువాత వచ్చినది పెద్ద గాలివాన. ఎనిమిదవ హెన్రీరాజు పోపుగారితో తెగతెంపులు చేసికొని 1536 మొదలు 1540 లోపల మఠములను మూయించెను. ఆయన కొడుకు ఎడ్వర్డు కాలమున, 1547లో, చచ్చినవారికొఱకు పూజలు చేయుటకై యేర్పడిన ధర్మసంస్థలను చట్టముచేత రద్దుచేసిరి. ఉత్తరించుస్థలము లేదని, చచ్చినవారికొఱకు ప్రార్థించుట మూఢవిశ్వాసమని క్రొత్త మతము చెప్పెను. అంతటితో ఆ ఇత్తడి వేడుకోలు నేరమైపోయినది. మఠములలోని ఫలకములు ఊడదీయబడి తూకమునకు అమ్ముడుపోయినవి. కొన్నింటిని కంచరులు త్రిప్పివేసి, వెనుకవైపున క్రొత్తవారి బొమ్మలు చెక్కిరి. నేడు మరమ్మతుకొఱకు ఒక షాహుకారు ఫలకమును ఎత్తిచూచినచో దాని వీపుమీద సగము నఱకబడిన గురువు బొమ్మయో, పాతవ్రాత తునుకయో కనబడుట కలదు. 1560లో ఎలిజబెత్తురాణి సమాధిచిహ్నములను చెఱుపరాదని శాసనము చేసెను. దానివలన కొంత నిలిచినది. మరల 1643, 1644 సంవత్సరములలో అంతర్యుద్ధకాలమున విలియం డౌసింగు అను నాతడు అధికారపత్రము పట్టుకొని కేంబ్రిడ్జి, సఫోక్ మండలముల గుళ్ళు తిరిగి, ప్రార్థింపుడను మాట యున్న రేకులను వెదకి పెఱికించెను. ఏ యూర ఎన్ని తీయించెనో దినచర్యలో వ్రాసికొనెను. ఆ దినచర్య నేటికిని నిలిచియున్నది. పెఱికించినవాని పుస్తకమువలననే కొన్ని ఫలకము లుండెనని మనకు తెలియుట విధివిలాసము.

కొన్నియెడల గురువు బొమ్మను ఉండనిచ్చి, వేడికోలు మాటను మాత్రము ఉలితో గీచివేసిరి. మఱికొన్నియెడల రేకంతయు పోయి, రాతిలో పల్లము మాత్రము మిగిలినది. ఆ పల్లము మనిషి యాకారమున నుండును. తల, భుజములు, వస్త్రపు అంచు అన్నియు తెలియును. మనిషి లేడు. దొంగతనములును తక్కువ కావు. సఫోక్‌లో ఓల్టన్ గుడియందు పదునాలుగవ శతాబ్ది ఆరంభమునకు చెందిన ఆడం డి బేకన్ అను గురువు ఫలకము, ఆ దేశమున గురువుల ఫలకములలో మిక్కిలి పాతవానిలో నొకటి, 1857లో దొంగలపాలైనది. తరువాతనే జనులకు వీనిమీద మక్కువ పెరిగినది. రేకుపై కాగితము పఱచి, చెప్పులు కుట్టువారు వాడు నల్లని మైనపుముద్దతో రుద్దినచో, చెక్కిన గీత తెల్లగను, తక్కినది నల్లగను కాగితముమీద దిగును. ఇట్టి ప్రతులు తీయువారు 1887లో ఒక సంఘముగా నేర్పడిరి. మిల్ స్టీఫెన్సన్ అను పండితుడు 1926లో ఆ దేశపు ఫలకములన్నిటికి ఊరూరి పట్టిక యొకటి ప్రకటించెను.

ఆంగ్లేయుల సమాధివ్రాతలు మన జిల్లాలవారికి కంటితో చూచినవే. చెన్నపట్టణపు గవర్నరు సర్ తామస్ మన్రో 1827 జూలై 6వ తేదీన మన పత్తికొండలో కలరాచే చనిపోగా గుత్తిలో పాతిపెట్టి, 1831లో ఆ యస్థులను చెన్నపట్టణమునకు కొనిపోయిరి. సమాధిమీద వ్రాయుట దొరలు తెచ్చిన ఆచారమని మనలో కొంద ఱనుకొందురు. అది సరికాదు. మన్రోకు ఏడువందల యేండ్లకు పూర్వమే ఈ నేలమీద గురువుల మరణమును రాతిపై వ్రాయు సంప్రదాయ ముండెను. దానిని నడపినవారు జైనులు. ఆ రాతికి నిసిధి యని పేరు.

జైనులు మన సీమలలో ఒకప్పుడు బలముగా నుండిరి. ఆదవాని ప్రాంతపు పెద్దతుంబళమున జైనశిల్పములు బయల్పడినవి. చిప్పగిరి కొండమీద జైనుల గుడి యున్నది. గుంతకల్లు దగ్గఱ కొనకొండ్ల వారికి పూజ్యస్థలము. వారి ముని తనకు అంత్యకాలము సమీపించినదని యెఱిగినప్పుడు గురువు అనుమతి పొంది, క్రమముగా ఆహారము తగ్గించి, తుదకు నీళ్ళును మానివేసి, ధ్యానములో ప్రాణము విడుచును. దీనికి సల్లేఖనమని పేరు. వారు దీనిని ఆత్మహత్యగా నెంచరు. తపస్సునకు తుదిమెట్టుగా నెంతురు. ఆ వ్రతమున మరణించినవారి గుర్తే నిసిధి. మునులకే గాక ఆ వ్రతము పట్టిన గృహస్థులకు, రాజులకు, స్త్రీలకును నిసిధులు కలవు. కడపజిల్లాలో పెన్నయొడ్డున దానవులపాడులో ఇసుకమేటలో మునిగిపోయిన జైనాలయమును 1903లో అలెగ్జాండరు రే త్రవ్వించినప్పుడు దొరకిన స్తంభమొకటి శ్రీవిజయుడను దండనాయకుని నిసిధి. కత్తి పట్టినవాడు తుదకు సన్న్యసించి ఉపవాసమున ప్రాణము విడిచెను. నేటి విషయము గురువులు గనుక ఆయనను ఇంతతో విడిచెదను.

నిసిధిరాతిని గుర్తుపట్టుట కష్టము కాదు. బొమ్మలున్న రాతిలో సామాన్యముగా పైభాగమున పద్మాసనమున జినుడు. క్రింద ముని యొకడు కూర్చుండును. ఎదుట గురువో శిష్యుడో. నడుమ పుస్తకము నుంచు వ్యాసపీఠము. ప్రక్కన కమండలువు, నెమలియీకల కుంచె. ఆంగ్లదేశపు గురువునకు పానపాత్ర యెట్లో జైనమునికి నెమలికుంచె యట్లు. నడచునప్పుడు కాలిక్రింద పురుగు చావకుండ నేల నూడ్చుకొనుటకు ఆ కుంచె. మనిషి ముఖము అరగిపోయినను కుంచెనుబట్టి ఫలానా మార్గపువాడని చెప్పవచ్చును. వీరగల్లుపై నుండు కత్తి, గుఱ్ఱము దీనిమీద నుండవు.

నిసిధివ్రాతలకు పెద్ద గని కన్నడదేశమందలి శ్రవణబెళగొళము. బెళగొళమనగా తెల్లని కొలను. చెవికి ఆ పేరు మన బెళగల్‌కు చుట్టమువలె వినబడును. అక్కడి శాసనములను 1889లో రైసుదొర 144 ప్రకటింపగా, 1923లో నరసింహాచార్యులవారు వానిని 500కు పెంచిరి. తరువాత 1973 నాటికి అవి 573 అయినవి. వానిలో మల్లిషేణ మలధారిదేవుడను మునియొక్క నిసిధి చాల పెద్దది. శకము 1050, అనగా క్రీస్తుశకము 1129 మార్చి నెలలో, మూడు దినములు ఉపవసించి ఆయన దేహము విడిచెను. వ్రాత సంస్కృతపద్యములలో నున్నది. మల్లిషేణుని పేరు చివరకుగాని రాదు. అంతకు ముందు సమంతభద్రుడు, అకలంకుడు మొదలైన పూర్వగురువులు, వారి వాదములు, వారి విజయములు వరుసగా చెప్పబడినవి. చదువువానికి ఇది ఒక్కని చావువ్రాతగా తోచదు. వంశవృక్షమువలె తోచును. అదియే దాని మర్మము. కొడుకు లేనివానికి తాతముత్తాతలు లేకపోలేదు. గురువు తండ్రి, గురువునకు గురువు తాత. తద్దినమున మూడు తరములు చెప్పినట్లు, ఇక్కడ శిష్యులు ఎన్నో తరములు చెప్పిరి.

ఇంత పెద్దదానికి సరిగా ఎదురైనది మన ఆంధ్రదేశమున నున్నది. మడకశిర ప్రాంతమున, కన్నడసరిహద్దున అమరాపురమను ఊరు కలదు. 1278లో అచ్చటి జినాలయమునకు మల్లిసెట్టి యనునాతడు పోకచెట్లు దానమిచ్చిన శాసనము వలన అది ఆనాడు జైనులకు ముఖ్యస్థానమని తెలియును. ఆ ఊరి సమీపమున దొరకిన నిసిధి యొకటి ఒకేయొక వాక్యము. మూలసంఘమున సేనగణమునకు చెందిన, వాదులనెడి కొండలకు వజ్రాయుధమువంటి, భావసేన త్రైవిద్యచక్రవర్తి నిసిధి యని దాని తాత్పర్యము. అంతే. తేది లేదు, దానము లేదు, పద్యము లేదు. త్రైవిద్యుడనగా వ్యాకరణము, తర్కము, ఆగమము మూడింటను ఆఱితేఱినవాడు. ఈ భావసేనుడు విశ్వతత్త్వప్రకాశమను తర్కగ్రంథమును, కాతంత్రవ్యాకరణమునకు వ్యాఖ్యానమును వ్రాసిన మహాపండితుడు. ఆ గ్రంథములు వ్రాతప్రతులలో దూరదేశములకు పోయి, చదువబడి, అచ్చైనవి. వాని కర్త తుదిగుర్తు మాత్రము మన సీమలో ఒంటివాక్యమై నిలిచినది.

ఆంగ్లదేశపు ఇత్తడిని, ఈ రాతిని ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో ఒక భేదము తోచును. ఇత్తడి అడుగును. రాయి అడుగదు. నా యాత్మకొఱకు మ్రొక్కుడని యే నిసిధియు వేడుకొనదు. జైనమతమున ఎవరి కర్మము వారిదే. ఇతరుల ప్రార్థనచేత చచ్చినవాని కర్మము తగ్గుట లేదు. పోయినవాడు చేయవలసినదంతయు చేసియే పోయినాడు. ఇక మిగిలినది ఫలానావాడు ఇట్లు పోయెనని చెప్పుటయే. అందుచేత వ్రాయించుటయు శిష్యుల పనియో భక్తుల పనియో అయినది.

ఇత్తడికి వచ్చినంత గాలివాన ఈ రాళ్ళకు రాలేదు. వచ్చినది నిశ్శబ్దమైన మఱపు. శ్రవణబెళగొళమున జైనులున్నారు గనుక రాళ్ళును ఉన్నవి. మన సీమలలో జైనులు తగ్గిపోయిన యూళ్ళలో పాతకన్నడపు అక్షరములు చదువువారు లేక, రాతిలో నిధి జాడ వ్రాసియున్నదను భ్రమ మాత్రము మిగిలెను. పాతరాళ్ళు బావిమెట్లకు, గుమ్మములకు, చాకిరేవులకు పోవుట మీరు చూడనిది కాదు. 1887 మొదలుకొని ప్రభుత్వ శాసనశాఖవారు ఊరూర తిరిగి ప్రతులు తీసిరి. వారి పద్ధతి ఇత్తడి రుద్దుటకు తోబుట్టువు. తడికాగితమును రాతిపై పఱచి, కుంచెతో మోది, అక్షరపు గుంటలలోనికి కాగితము దిగినపిమ్మట సిరా అద్దుదురు. అక్షరము తెల్లగను, నేల నల్లగను వచ్చును. బళ్ళారి, కర్నూలు, అనంతపురము జిల్లాల కన్నడశాసనములు 1939లో సంపుటముగా వెలువడినవి. ఆనాడు ఆదవానితాలూకా బళ్ళారిజిల్లాలోనిది. 1953లో గదా మనకు కర్నూలుజిల్లాలో చేరినది! కావున మన ప్రాంతపు శాసనములు వెదకువారు బళ్ళారి పేరుక్రింద వెదకవలెను. చాలమందికి ఈ చిన్న సంగతి తెలియక పుస్తకము చేతనుండియు తమ యూరు కనుగొనరు.

శైవగురువుల మాట రెండు ముక్కలలో చెప్పెదను. వారి పేళ్ళు రాళ్ళమీద కావలసినన్ని యున్నవి గాని, అవి చావువ్రాతలు కావు. కాకతీయ గణపతిదేవుని గురువైన విశ్వేశ్వరశివాచార్యుడు 1261 నాటి మల్కాపుర శాసనమున మఠముతో, పాఠశాలతో, ప్రసూతిశాలతో, ఆరోగ్యశాలతో సజీవుడై కనబడును. దానము వ్రాయుట మనవారికి మహా యిష్టము. రాజులు భూమినిచ్చి రాగిరేకులమీద వ్రాయించిరి. అదే లోహపురేకుమీద ఇంగ్లండువారు మరణము వ్రాసిరి.

ఇక నదియొడ్డునకు మరలి వత్తము. సన్న్యాసము పుచ్చుకొనువాడు ఆ దినముననే తన శ్రాద్ధము తానే పెట్టుకొనును. ఆపైని ఆయనకు పితృకార్యము లేదు. దేహమును కాల్చరు, భూస్థాపితము చేయుదురు. మాధ్వులు దానిపై కట్టు రాతికట్టడమునకు బృందావనమని పేరు, తులసికోటను బోలిన దగుటచేత. ఆనెగొందివద్ద తుంగభద్ర నడుమ లంకలో ఇట్టివి తొమ్మిది యున్నవి. నవబృందావనమందురు. విజయనగరరాజులకు గురుతుల్యుడై 1539లో బృందావనస్థుడైన వ్యాసరాయలవారు, మన రాఘవేంద్రస్వామివారికి గురువైన సుధీంద్రతీర్థులవారు అక్కడ నున్నారు. రాతిమీద పేరు చెక్కించుట ముఖ్యమని వారి శిష్యు లెంచలేదు. ఏది యెవరిదో మఠపరంపర చెప్పును. పరంపరలు రెండైనచోట చిక్కును వచ్చును. టీకాచార్యులైన జయతీర్థులవారి బృందావనము మళఖేడమున నున్నదని ఒక మఠమువారును, ఆనెగొందిలంకలో నున్నదని మఱికొందఱును చెప్పుదురు. నవబృందావనమున ఆరాధనలు జరుపు హక్కును గూర్చి వ్యాజ్యములును నడచినవి. ఎవరి పక్షము నిజమో చెప్పుట నా పని కాదు. ఒక్క పంక్తి వ్రాసియుండిన ఇంత శ్రమ లేకపోవును గదా యని మాత్రము శాసనములు చదువు అలవాటున్న నా బోటివానికి తోచును.

అక్షరము లేకుండుట దొంగను ఆపదు. 2019 జూలైలో నిధికొఱకు వచ్చిన దుండగులు వ్యాసరాయల బృందావనమును రాత్రివేళ పగులగొట్టిరి. ఓల్టన్ దొంగకు ఇత్తడియైన దొరకెను, వీరికి దొరకినది రాయి. ఆ బృందావనమును భక్తులు కొలది దినములలోనే మరల నిలిపిరి.

మంత్రాలయము సంగతి మీకు నాకంటె బాగుగ తెలియును. అప్పటికది ఆదవాని యేలుబడిలోని మంచాలయను పల్లె. 1671లో, విరోధికృత్ సంవత్సర శ్రావణ బహుళ విదియనాడు, రాఘవేంద్రస్వామివారు అక్కడ సజీవముగా బృందావనము ప్రవేశించిరని సంప్రదాయము. బృందావనమునకు వాడిన రాయి సమీపమందలి మాధవరమునుండి తెచ్చినదందురు. వేలకొలది జనులు ప్రదక్షిణము చేయు ఆ కట్టడము ఎవరిదో తెలిసికొనుటకు వ్రాత వెదకువా డుండడు. వ్రాత వేఱొకచోట నున్నది. నదికి ఆవలి బిచ్చాలి వాసియైన అప్పణాచార్యులు స్వామివారి శిష్యుడు. ఆయన చెప్పిన స్తోత్రము నేటికిని కర్ణాటాంధ్రముల యిండ్లలో పిల్లలకు సైతము నోటికి వచ్చును. అక్షరజ్ఞానము లేనివారును దానిని చదువగలరు. ఇత్తడిరేకును పెఱికినట్లు దానిని పెఱుకుటకు డౌసింగునకు సాధ్యము కాదు. ప్రక్కనున్న బృందావనము 1750లో పరమపదించిన వాదీంద్రతీర్థులవారిది. ఆయనయు తన పూర్వగురువుపై గురుగుణస్తవనమను స్తోత్రము రచించెను. మల్లిషేణుని రాతిపై శిష్యులు చేసిన పనినే వీరు రాయి లేకయే చేసిరి.

తేది విషయము చూడుడు. ఇంగ్లండులో చెక్కింపకుండ విడిచిన చోటు ఖాళీగ నిలిచినదని చెప్పితిని. మనకు తిథి ఖాళీ కాదు. శ్రావణ బహుళ పాడ్యమి పూర్వారాధన, విదియ మధ్యారాధన, తదియ ఉత్తరారాధన. ప్రతి పంచాంగమును ఏటేట దానిని మరల వ్రాయుచున్నది. అయితే మన పద్ధతికిని లోపము లేకపోలేదు. తిథిని పదిలముగా కాపాడినవారము సంవత్సరమును అంతగా పట్టించుకొనము. స్వామివారు జన్మించిన యేడు 1595 అని కొందఱు, 1598 అని కొందఱు, 1601 అని మఱికొందఱు వ్రాయుదురు. ఆరాధన చేయువానికి ఏడుతో పని లేదు, చరిత్ర వ్రాయువానికి దానితోనే పని.

2009 అక్టోబరు ఆరంభమున తుంగభద్ర పొంగి మన తీరమును ముంచినప్పుడు మంత్రాలయము మఠమును జలమయమైనది. ధాన్యము, గొడ్లు, ఇండ్లు పోయినవారు మీలోనే యుందురు. నీరు తీసినపిమ్మట బురద ఎత్తివేసి పూజ మరల సాగించిరి. పెన్నయొడ్డున దానవులపాడును ఇసుక కప్పినప్పుడు ఎత్తివేయువారు లేకపోయిరి. 1903 దాక ఆ స్తంభము ఇసుకలోనే యుండెను.

చిప్పగిరి మాట ముందొకసారి వచ్చినది. ఆ కొండమీది జైనులగుడి గాక, ఆ యూరిలో విజయదాసులవారి కట్టయు నున్నది. ఆయన యతి కాడు, గృహస్థుడు. 1755లో అక్కడనే పరమపదించిన హరిదాసు. తన కన్నడపు పాటలన్నిటి చివరను విజయవిఠలుడను ముద్ర నుంచెను గనుక, పాట పాడినప్పుడెల్ల వ్రాలు దానంతట అదే పడును. కార్తిక శుద్ధ దశమినాడు ఆ కట్టయొద్ద ఆయన ఆరాధన జరుగును.